తొక్కుడు తరిమెన

చోటే సాబ్ తొక్కుడు తరిమెన ఇరుసు మీద ఆముదం చుక్కలు వేసి, చక్రాన్ని చేత్తో తిప్పి, తల వంచి విన్నాడు. నూనె పడినంతసేపు మెత్తగా తిరిగింది. తర్వాత మళ్ళీ గరగరమంది. తిరగలిలో గింజతోపాటు రాయి పడితే వచ్చే చప్పుడు అది. నిన్నా అంతే, మొన్నా అంతే. గుడ్డతో చేతులు తుడుచుకుని, లుంగీ పైకి మడిచి కట్టి, పాలకొడిసె కర్రముక్కను రెండు ముళ్ళ మధ్య బిగించాడు. కుడికాలు పలక మీద పెట్టి తొక్కడం మొదలుపెట్టాడు.

వీధిలో మగ్గాలు ఇంకా లేవలేదు. పక్కింటి సుంకమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. పసారాలో నులకమంచం మీద సుగ్రాబీ బొంతల మూటకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఆమెకు ఊపిరి ఆడదు. ఎండాకాలం నుంచి రాత్రిళ్ళు ఆమె కూర్చునే నిద్రపోతోంది. పాదాలు రెండూ వాచి, మెట్టెలు వేళ్ళలోకి దిగబడి ఉన్నాయి. తీయిస్తానంటే ఒప్పుకోలేదు.

చోటే సాబ్ ఉలి ఆనించాడు. కర్ర మీద తెల్లటి పొట్టు లేచింది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి పోనిచ్చి, కాలు తీసి, చక్రం ఆగేదాకా నిలబడి, బొటనవేలితో కర్రను తడిమాడు. వేలికి గీతలు తగిలాయి. ముసలి ఎద్దు కొమ్ము మీద ఉండే గీతల్లాంటివి, వరసగా, ఒకదాని పక్కన ఒకటి.

"మల్ల పడినాయా?" అంది సుగ్రాబీ కళ్ళు తెరవకుండానే.

"పడినాయి."

"ఇప్పుడు యాటికి? ఆదోనికేనా?"

"ఆ. ఇరుసు కాడ బుష్షు అరిగింది. అందుకే కట్టె అదురుతాంది."

"మొన్ననే గదా మార్పిస్తివి."

"అది మెత్తటి ఇత్తడి. గట్టిది ఏపిస్తా."

సుగ్రాబీ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మూలన ఉన్న పాత తరిమెన వైపు గడ్డం చూపించింది. "ఆ తోలువారు ఇట్ల ఇయ్యి. పొద్దు ఎక్కేలోపల సుంకమ్మ ఉయ్యాల గుంజలు అయిపోతాయి."

"దాన్ని ముట్టుకుంటే సూడు."

"ఏం జేస్తావు? కొడ్తావా?"

"సుంకమ్మతో సెప్పి మంచానికి కట్టేపిస్తా."

"కట్టేపియ్యి. మంచంతోనే వచ్చి లాగుతా," అంది సుగ్రాబీ.

ఆమె లాగుతుందని చోటే సాబ్‌కు తెలుసు. అతని భయమంతా అదే.

కర్రను తిప్పుతూ చెక్కే ఆ పాత తరిమెన పెద్ద యంత్రమేమీ కాదు. నేల మీద రెండు దిమ్మెలు, వాటికి రెండు ఇనుప ముళ్ళు, మధ్యలో కర్ర. ఆ కర్రకు తోలువారు రెండు చుట్లు చుడతారు. ఆ తోలువారు రెండు కొసలూ పట్టుకుని అవతలి వైపు ఒకరు కూర్చుంటారు. వాళ్ళు కుడిచేత్తో లాగితే కర్ర ఇటు తిరుగుతుంది, ఎడంచేత్తో లాగితే అటు తిరుగుతుంది. ఇవతలి వైపు పనివాడు ఉలి పట్టుకుని, కాలి వేళ్ళతో దాన్ని అదిమి కూర్చుంటాడు. కర్ర తన వైపు తిరిగినప్పుడు కోస్తాడు, అటు తిరిగినప్పుడు ఆగుతాడు. లాగే మనిషి, కోసే మనిషి ఒకే ఊపిరి మీద ఉండాలి. ఎమ్మిగనూరు సంతకు వచ్చినవాళ్ళు మంచం కోళ్ళను తిప్పి చూసి, లక్క మెరుపును మెచ్చుకుని, "చోటే సాబ్ చేసిన కోళ్ళప్పా" అనేవాళ్ళు. సగం తిప్పుడు సుగ్రాబీదని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

ఆమె కౌతాళం నుంచి కాపురానికి వచ్చిన వారంలోనే అత్త ఆమె చేతికి వారు ఇచ్చింది. అరచేతులు బొబ్బలెక్కాయి, పగిలాయి, కాయలు కాశాయి. ఆ తర్వాత నొప్పి అనే మాట ఆ ఇంట్లో వినపడలేదు. నిండు గర్భంతో లాగింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని లాగింది. మొగుడి మీద కోపం వస్తే మాట్లాడేది కాదు. వారును మరీ జోరుగా లాగేది. ఉలి ఎగిరి పోయేటట్టు ఉంటే చోటే సాబ్ తలెత్తి, "ఏమైంది?" అనేవాడు. "ఏం కాలేదు, కొయ్యి" అనేది. రాను రాను ఆమె కుడిభుజం ఎడమదానికంటే కాస్త ఎత్తు తేలింది. రవికలు కుట్టే మనిషి ఆ తేడా చూసే గుడ్డ కత్తిరించేవాడు.

కిందటి ఎండాకాలం ఒకరోజు వారు మధ్యలో సడలింది. చోటే సాబ్ తలెత్తి చూశాడు. సుగ్రాబీ రెండు కొసలూ పిడికిళ్ళలోనే పట్టుకుని, ఆ పిడికిళ్ళను రొమ్ముకు అదుముకుని ఉంది. ముఖం తడి గోడలా ఉంది. "కొంచేపు ఆగు" అంది. ఆ ఇంటికి వచ్చాక ఆమె ఆగమని అడగడం అదే మొదటిసారి. ఆదోనిలో డాక్టరు చూసి, గుండె పెద్దదయిందని, ఇక బరువు లాగడం, మొయ్యడం వద్దని చెప్పాడు. చోటే సాబ్ అంతా విని, చేతులు కట్టుకుని, "సరే సామీ" అన్నాడు. బయటికొచ్చాక సుగ్రాబీ, "ఆయన వారు సంగతి యాడ సెప్పినాడు? బరువు వద్దన్నాడు. వారు బరువా?" అంది.

కూలికి మనిషిని పెట్టి చూశాడు. వచ్చినవాడు చేద తోడినట్టు లాగేవాడు. కర్ర విరిగింది. అతను వెళ్ళిపోగానే సుగ్రాబీ మంచం దిగి వచ్చి వారు అందుకుంది. అప్పుడే చోటే సాబ్ తొక్కుడు తరిమెన కోసం వెతకడం మొదలుపెట్టాడు.

అది ఆదోనిలో దొరికింది. పత్తి మిల్లు ఒకటి తన పాత మరమ్మతు కొట్టాన్ని ఖాళీ చేస్తే, పాత ఇనుము అమ్మే హుస్సేన్ గుజిరీ అంగడికి వచ్చి పడింది. కాళ్ళు తుప్పు పట్టాయి, పలక విరిగింది, బెల్టు ఎలుకలు కొట్టాయి. కింది చక్రం పక్కన గడ్డి పరుచుకుని ఒక కోడి పొదిగి కూర్చుంది. హుస్సేన్, "ఇనుము బరువుకే ఇస్తాండా, తీసుకుపో. కోడి మాత్రం నాది" అన్నాడు. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి, పత్తి తోలే బండి మీద దాన్ని ఎమ్మిగనూరు చేర్చారు. వీధివాళ్ళంతా వచ్చి చూశారు. చింతచెక్కతో కొత్త పలక చేశాడు. బెల్టుకు తోలు కుట్టించాడు. తొక్కడం ఆపినా చక్రం ఊపు పోకుండా, విరిగిన బండి చక్రం పట్టాను నరికించి దాని అంచుకు బిగించాడు. పుట్టినప్పటి నుంచి నేల మీద కూర్చుని పని చేసిన మనిషి, ఆ వయసులో ఒంటికాలి మీద నిలబడి పని చేయడం నేర్చుకున్నాడు. మొదటి రెండు రోజులు పడ్డాడు కూడా. సుగ్రాబీ మంచం మీద నుంచి నవ్వింది.

అన్నీ కుదిరాయి. గీతలు మాత్రం పోలేదు.

సుంకమ్మ కోడలు పురుడు పోసుకుంది. మనవడిని ఉయ్యాలలో వేసే రోజు దగ్గర పడింది. ఉయ్యాల తాను చేయిస్తానని సుగ్రాబీ ఆ పిల్ల కడుపుతో ఉన్నప్పుడే మాటిచ్చింది. ఈ యంత్రం ఈరోజు దారికి రాకపోతే రేపు సుగ్రాబీ ఆ వారు పట్టుకుంటుంది. ఆపడం తన వల్ల కాదు. చోటే సాబ్ బుష్షు ఊడదీసి, చేతిగుడ్డలో మూటకట్టుకుని, సుంకమ్మను పిలిచి, "అమ్మా, ఈమె మీద ఒక కన్నేసి ఉండు" అని చెప్పి బస్సుకు బయలుదేరాడు.

దారి పొడవునా నల్లరేగడి. పత్తి బండ్లు పోయిన బాటకు ఇరువైపులా తుమ్మముళ్ళకు దూది పింజలు తగులుకుని ఉన్నాయి. బస్సు కుదుపుకు మూట జారకుండా చోటే సాబ్ దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

దావీదు ఆదోని మిల్లులో ఫిట్టరు. ఇంటి పంచలో కూడా ఒక చిన్న పట్టకారు బల్ల పెట్టుకుని చిల్లర పనులు చేస్తాడు. చోటే సాబ్‌ను చూడగానే ఆకురాయి కింద పెట్టి చేతులు జోడించాడు.

"ఏం సాబ్, మల్ల వస్తివి? నువ్వు తెచ్చుకునింది మిషనా, రెండో పెండ్లామా? వారానికొక తూరి దానికి జబ్బు!"

"ఉన్న ఒక్కదాని జబ్బుకే ఇన్ని తిరుగుళ్ళు తిరుగుతాండా నాయనా," అన్నాడు చోటే సాబ్.

దావీదు నవ్వు ఆపేశాడు. పీట వాల్చి, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. బుష్షును గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి, వేలు దూర్చి చూశాడు. ఇరుసు కొలత ఉన్న ఇనుప కడ్డీని అందులో దోపి ఆడించాడు. అది ఆడలేదు.

"ఇది అరిగిందని ఎవరు సెప్పిరి? వెంట్రుక దూరేంత సందు గూడా ల్యా."

"మరి గీతలెందుకు పడ్తాండాయి?"

"అది నన్నడిగితే ఎట్ల? నా లేతులో ఉలిని ఇనుముకు బిగిస్తాం. పెట్టిన చోటే ఉంటాది. నువ్వు చేత్తో పట్టుకుంటావు. మీ కట్టెపని మర్మం నాకేం తెలుసు?"

"చప్పుడు సూడు, గరగరమని."

"చప్పుడు వస్తాది. పాత ఇనుము, మూలగదా మరి?" దావీదు కడ్డీని పక్కన పెట్టాడు. "ఒక పని చెయ్యి. హుస్సేన్ దగ్గరికి పో. పాత బేరింగులు ఉంటాయి. ఈ కొలతకు రెండు ఏరుకొని రా. బుష్షులు తీసేసి అవి కూసోబెడ్తా. గీతల సంగతి దేవుడెరుగు, చప్పుడన్నా పోతాది."

గుజిరీ అంగట్లో ఎండ ఇనుము మీద పడి కళ్ళలోకి కొడుతోంది. హుస్సేన్ డబ్బా ఒకటి ముందుకు తోశాడు. నూనె ఎండి నల్లబడిన బేరింగులు, పెద్దవీ చిన్నవీ. చోటే సాబ్ గొంతుక్కూర్చుని ఒక్కోదాన్ని కిరసనాయిల్లో ముంచి, కడిగి, వేలికి తొడిగి తిప్పి, చెవికి ఆనించుకున్నాడు. కొన్ని గులకరాళ్ళు వేసిన డబ్బాలా మోగాయి. కొన్ని తిరగనే లేదు. చివరికి రెండు దొరికాయి. తిప్పితే అవి వేలి చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. వాటికి చప్పుడు లేదు. అవి తిరుగుతున్నట్టు కంటికే తప్ప చెవికి తెలియలేదు.

"ఇది గూడా సూడు," అన్నాడు హుస్సేన్. గోడకు ఆనించి ఒక పట్టీరంపం ఉంది, పైన ఒక చక్రం, కింద ఒక చక్రం. "మొన్ననే వచ్చింది. చేత్తో తిప్పే మాదిరిది. దీన్ని గూడా నీ తొక్కుడికి కలుపుకుంటే ఇంట్లోనే కార్ఖానా అయిపోతాది."

చోటే సాబ్ లేచి రంపం చక్రాన్ని తాకాడు. దుంగలు కోయించడానికి ఇక అడితికి పోనక్కర్లేదు. ఎక్కడ పెట్టాలో కూడా మనసులో అనుకున్నాడు. కిటికీ పక్కన పెట్టచ్చు. కానీ అక్కడ మంచం ఉంది, గాలి కోసం.

"ఇప్పుడు కాదులే," అన్నాడు.

బేరింగులను మాత్రం బేరమాడకుండా కొన్నాడు. హుస్సేన్‌కు అనుమానం వచ్చింది. "ఏమప్పా, ఒళ్ళు బాగుందా?" అని అడిగాడు.

దావీదు బేరింగులు కూర్చోవడానికి రెండు ఇనుప గిన్నెలు వెతికి తీసి, వాటిని ఆకురాయితో రాకి, కొలత చూసి, మళ్ళీ రాకాడు. పని అయ్యాక గుడ్డలో చుట్టి ఇస్తూ, "అక్కను అడిగినానని సెప్పు. ఆదివారం ప్రార్థన అయినంక నేనే వచ్చి మిషన్ సూస్తా" అన్నాడు.

చోటే సాబ్ ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం వాలింది. వీధంతా మగ్గాలు ఆడుతున్నాయి. సుంకమ్మ పసారాలో రాట్నం పెట్టుకుని కండెలు చుడుతోంది. అతన్ని చూడగానే చెయ్యి ఆపింది.

"రా సాబ్, రా. మంచి మనిషిని అప్పజెప్పి పోయినావు. నువ్వు అట్ల పోయినావో లేదో, ఈమె ఇట్ల లేసింది. ఏం జేస్తాందని సూస్తే, ఆ వారుకు ఆముదం రాస్తాంది!"

"ఎండిపోతే తోలు పగుల్తాదని రాస్తి. అది గూడా తప్పేనా?" అంది సుగ్రాబీ.

"తోలుకు రాస్తివి సరే, దాన్ని కర్రకు ఎందుకు చుడితివి? సెప్పు, మీ ఆయనకు సెప్పు."

సుగ్రాబీ ముఖం తిప్పుకుంది.

"ఉయ్యాల లేకుంటే ఏమాయ, చీరె కడ్తాం. మా ఇంట్లో పిల్లోళ్ళంతా చీరె ఉయ్యాల్లోనే పెరిగిరి," అంది సుంకమ్మ.

"నీ మనవడు చీరెలో పండుకుంటే నా మాట యాడ పండుకుంటాది?" అంది సుగ్రాబీ. అలా అనడానికి ఆమె మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

చోటే సాబ్ చొక్కా విప్పి పనిలోకి దిగాడు. ఇరుసు దించి, బేరింగులు ఎక్కించి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టి కూర్చోబెట్టాడు. బెల్టు తొడిగాడు. చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోశాడు. అది తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఇంట్లో ఏదో ఆగిపోయినట్టు అనిపించింది. ఇన్ని నెలలుగా అలవాటైన గరగర లేదు. వీధిలో మగ్గాల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"అబ్బ! తిరుగుతాందా, లేదా?" అంది సుంకమ్మ దగ్గరికొచ్చి. చోటే సాబ్ పళ్ళన్నీ కనబడేట్టు నవ్వాడు. చాలా రోజుల తర్వాత అతను అలా నవ్వడం చూసి, సుంకమ్మ రాట్నం ఎత్తుకుని, పొయ్యి ముట్టించాలంటూ వెళ్ళిపోయింది.

ఉయ్యాల గుంజకు తెచ్చిన పచ్చి పాలకొడిసె కర్రను బిగించాడు. తొక్కాడు. ఉలి ఆనించాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి పోనిచ్చాడు. కాలు తీశాడు. చక్రం చాలాసేపటికి ఆగింది. బొటనవేలితో తడిమాడు.

గీతలు అలాగే ఉన్నాయి.

అతను ఉలిని పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. పలక మార్చాడు, బెల్టు మార్చాడు, చక్రానికి బరువు కట్టాడు, బుష్షులు మార్చాడు, బేరింగులు పెట్టాడు. మార్చడానికి ఇక ఆ యంత్రంలో ఏమీ మిగల్లేదు. తలెత్తకుండానే, మూలన దిమ్మెల మధ్య కర్రకు చుట్టి ఉన్న వారు అతనికి కనిపిస్తోంది. ఆముదం రాయడం వల్ల అది మెరుస్తోంది.

"ఇంకొక తూరి తొక్కు," అంది సుగ్రాబీ.

"ఏముంది తొక్కేకి?"

"తొక్కు అంటి గదా. ఉలి గూడా పెట్టు."

అతను లేచాడు. తొక్కాడు. ఉలి ఆనించాడు. సుగ్రాబీ కళ్ళు మూసుకుని వింటోంది. ఆమె తల చాలా కొద్దిగా ఊగుతోంది, ముందుకూ వెనక్కూ.

"ఆపు," అంది. "మిషన్లో ఏం ల్యా. నీ చెయ్యి లేస్తాంది."

"నా చెయ్యా?"

"కోస్తాండావు, ఎత్తుతాండావు. కోస్తాండావు, ఎత్తుతాండావు. నేను అటు లాగినప్పుడు ఎత్తినట్ల. ఇన్నాళ్ళు ఆ గరగరలో నాకు ఇనపడలా. ఇప్పుడు ఇనపడ్తాంది."

"నేను ఎత్తలేదు."

"నీకు తెలీదు. అది ఒకే పక్క తిరుగుతాంది, వింటివా? అటు లాగేటోళ్ళు ఎవరూ లేరు. నువ్వు ఎవరి కోసం ఆగుతాండావు?"

చోటే సాబ్ తన చేతి వైపు చూసుకున్నాడు. మళ్ళీ తొక్కాడు. ఈసారి చేతినే చూస్తూ కోశాడు. ఆమె చెప్పింది నిజమే. గోరంత కూడా కాదు, చెప్పకపోతే కంటికి ఆనదు. కానీ మణికట్టు లేస్తోంది, దిగుతోంది. ఆపాలని బిగబట్టాడు. బిగబడితే ఉలి కర్రలోకి గుచ్చుకుంది. వదిలితే లేచింది. చెమట కంట్లో పడింది. రెండుసార్లు, మూడుసార్లు చూశాడు. నడిచే మనిషిని నీ కాళ్ళు చూసుకుంటూ నడువు అంటే తడబడినట్టు తడబడ్డాడు.

మంచం కిర్రుమంది. సుగ్రాబీ దిగుతోంది.

"ఎందుకు లేస్తాండావు?"

"సుమ్మనుండు. వారు పట్టనులే. సూడు, చేతుల్లో ఏం ల్యా." రెండు అరచేతులూ తెరిచి చూపించింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసి, యంత్రానికి అవతలి వైపు వచ్చి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆ కాస్త దూరానికే ఆయాసపడింది. కాళ్ళు చాపుకుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతనికి అలాగే ఎదురుగా కూర్చుంది. ఇప్పుడు అతను నిలబడి ఉన్నాడు, అంతే తేడా.

"ఊ, తొక్కు."

తొక్కాడు. కళ్ళు వాటంతటవే ఆమె భుజాల మీదికి పోయాయి. ఆయాసానికి ఆ భుజాలు లేచి దిగుతున్నాయి. అతని చెయ్యి వాటితోపాటు లేచి దిగింది.

"నన్ను సూడొద్దు," అంది సుగ్రాబీ.

"మరి యాడ సూడాల?"

"కట్టెను సూడు. నన్ను సూస్తే నీ చెయ్యి ఆగదు."

"సూడకుంటే ఎట్ల?"

"ఈడనే ఉండా గదా. యాటికి పోతా? కట్టెను సూడు."

చోటే సాబ్ కట్టెను చూశాడు. తడి కర్ర తెల్లగా, తిరుగుతున్నట్టే లేకుండా తిరుగుతోంది. దాని పక్కల నీడ కూడా కదలడం లేదు. ఉలి ఆనించాడు. ఆమె ఊపిరి వినిపిస్తోంది. దాన్ని వినకుండా ఉండటం అతనికి చేతకాలేదు. కానీ కళ్ళు కట్టె మీదే నిలిపాడు. ఉలి అంచు దగ్గర కర్ర పొరగా లేచింది. ఎప్పటిలా ముక్కలై రాలలేదు. ఉల్లిపొర అంత పల్చగా, వేలెడు వెడల్పున లేచి, ఉలి మీద నుంచి వంగి, ఇనుప పట్టాల మీదుగా జారి, అవతలి వైపు దిగింది. తెగలేదు.

"అయ్యో, ఇదేంది ఇట్ల వస్తాంది!" అంది సుగ్రాబీ. గొంతులో నవ్వు ఉంది. "పోనీ, అట్లనే పోనీ. ఎత్తొద్దు."

అతను ఎత్తలేదు. పొర ఇంకా సాగింది. చిన్నగా లాగినట్టయింది. ఆమె దాని కొస పట్టుకుందని, చూడకుండానే అతనికి తెలిసింది. ఉలి మెల్లగా కుడివైపుకు నడిచింది. దాని వెనక కర్ర నున్నగా, వెన్న రాసినట్టు మెరుస్తోంది. అతని ఒంట్లో ఏదో బిగువు వదిలింది. కాలు తనంతట తానే తొక్కుతోంది.

"సూస్తివా సుగ్రా," అన్నాడు కట్టె మీద నుంచి కళ్ళు తీయకుండా. "ఇంక నీకు ఆ వారుతో పని ల్యా. సుంకమ్మది కానీ. తర్వాత కోడుమూరులో మన పాపకు ఒక మంచం చేద్దాం. పువ్వులు చెక్కిన కోళ్ళతో. నువ్వు ఊరికే ఇట్ల కూసోని నా తప్పులు పట్టు."

ఆమె ఏమీ అనలేదు. పని జరిగేటప్పుడు ఆమె ఎప్పుడూ మాట్లాడదు. ఆ చివరిదాకా పోయేవరకు ఉలి ఎత్తొద్దంది. చివరిదాకా పోయి, అప్పుడు ఎత్తాడు. పొర తెగి పడింది. కాలు తీశాడు. బండి పట్టా బరువుకు, కొత్తగా ఎక్కించిన ఆ బేరింగుల మీద చక్రం తిరుగుతూనే ఉంది. దాన్ని చేత్తో ఆపబుద్ధి కాలేదు. బొటనవేలితో కర్రను తడమడానికి అది ఆగేదాకా నిలబడ్డాడు. ఆగింది. వేలికి ఒక్క గీత తగల్లేదు.

అప్పుడు ఆమె వైపు చూశాడు.

సుగ్రాబీ తల గోడకు ఆని, కొంచెం ఎడమకు వాలి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. పొర ఆమె ఒళ్ళోంచి నేల మీదికి జారి ఉంది. దాని కొస వేళ్ళ మధ్య ఉంది.

అతను పిలవలేదు. అవతలి వైపుకు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. వీధిలో మగ్గాలు ఆడుతున్నాయి. దీపాలు పెట్టే వేళకు సుంకమ్మ గిన్నెలో పులుసు పట్టుకొచ్చి, ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చుని ఉండటం చూసి, "ఏం సాబ్, మిషన్ కుదిరిందా?" అని అడిగింది.

"కుదిరిందమ్మా," అన్నాడు చోటే సాబ్.

మర్నాడు కోడుమూరు నుంచి కూతురు వచ్చాక మట్టి చేశారు. స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళు సుగ్రాబీ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి ఆ పొరను తీశారు. ఎవరో దాన్ని పొట్టుతోపాటు ఊడ్చేయబోతే సుంకమ్మ ఆపి, యంత్రం మీద పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకూ తెలియదు.

ఆమె పేర ఫాతిహా చదివించాక చోటే సాబ్ మిగిలిన గుంజలు చేశాడు. ఉయ్యాల వేడుక వెనక్కి జరుపుకుంటామని సుంకమ్మ ఎంత చెప్పినా వినలేదు. నిలబడి, కట్టెను తప్ప మరేదీ చూడకుండా పని చేశాడు. చెయ్యి ఎక్కడా లేవలేదు. ఆదివారం వచ్చిన దావీదు గుంజ మీద వేలు రాసి చూసి, చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. యంత్రం ఇనుప పట్టాల మీద ఆ పొర ఉంది. పచ్చి ఆరి, చుట్టలు చుట్టుకుని, పసుపు రంగుకు తిరిగింది. ఒక కొస మాత్రం చుట్టుకోలేదు. రెండు వేళ్ళు నొక్కి పట్టుకున్నంత మేర అది ఇంకా చదునుగానే ఉంది.